ఒంటిమిట్ట గుడిని తీరిగ్గా చూడాలంటే

తిరుమలకు పోతూనో వస్తూనో ఒంటిమిట్ట దగ్గర కారు ఆపి, చెప్పులు విడిచి, క్యూలో నిలబడి, తీర్థం తీసుకుని, అరగంటలో మళ్లీ కారెక్కేవాళ్లే ఎక్కువమంది. దేవుణ్ణి చూశారు, సంతోషమే. గుడిని మాత్రం చూడలేదు. అదే నా బాధ.

నేను కడప జిల్లా హైస్కూళ్లలో డ్రాయింగ్ మాస్టారుగా పనిచేసి రిటైరైనవాణ్ని. సర్వీసులో ఉన్నప్పుడు పిల్లల్ని తీసుకుపోయి కోదండరాముడి రంగమంటపంలో కూర్చోబెట్టి స్తంభాలు గీయించేవాణ్ని. ఇప్పుడు మా బంధువుల్లో ఎవరింటికి చుట్టాలొచ్చినా, "మాస్టారూ, ఒంటిమిట్టకు పోతున్నాం, మీరూ రండి" అని పిలుస్తారు. వాళ్లకు అక్కడ నిలబడి చెప్పే మాటలే ఇక్కడ రాస్తున్నాను. మూడు గంటల సమయం పెట్టుకోండి. అంతకంటే తక్కువైతే దర్శనం ఒక్కటే చేసుకోండి, మిగతాది ఇంకోసారికి ఉంచుకోండి. ఈ గుడిని హడావిడిగా చూస్తే కళ్లకు ఏమీ ఆనదు.

ముందు ప్రయాణం సంగతి. కడప నుంచి ఒంటిమిట్ట సుమారు 25 కిలోమీటర్లు. రాజంపేట, తిరుపతి వైపు పోయే ఆర్టీసీ బస్సులు ఈ దారినే పోతాయి. నాన్‌స్టాప్ బస్సు అయితే ఆపకపోవచ్చు, ఎక్కేముందే కండక్టర్‌ను అడగండి. కడప, రేణిగుంట మధ్య రైలు మార్గంలో ఒంటిమిట్ట స్టేషన్ కూడా ఉంది కానీ అన్ని రైళ్లూ అక్కడ ఆగవు. బస్సే నయం. తెల్లారి బయలుదేరండి. గుడి తూర్పు ముఖం. పొద్దున ఎండ ఏటవాలుగా గోపురం మీద పడుతున్నప్పుడు చూడాలి. పన్నెండయ్యేసరికి ఎండ నడినెత్తికొచ్చి, బొమ్మల నీడలన్నీ చచ్చి, అంతా చదునుగా కనిపిస్తుంది. మధ్యాహ్నం కొంతసేపు తలుపులు మూస్తారు కూడా. ఆ వేళలు పండగల్లో మారుతుంటాయి కాబట్టి పోయేముందు కనుక్కోండి.

మార్చి దాటాక కడప ఎండల గురించి కొత్తగా చెప్పేదేముంది. ఏప్రిల్, మే నెలల్లో ప్రాకారం లోపలి బండల మీద ఉత్తకాళ్లతో పదడుగులు కూడా వేయలేం. ముసలివాళ్లు, చంటిపిల్లలు ఉంటే నవంబర్ నుంచి ఫిబ్రవరి లోపల రండి. పంచె, లుంగీ, చీర, చుడీదార్ ఏదైనా సరే, కింద కూర్చోవడానికి వీలుగా ఉండాలి. మీరు కూర్చోబోతున్నారు, అది గుర్తుంచుకోండి. నీళ్ల సీసా, ఒక తెల్లకాగితాల నోటుబుక్కు, మెత్తటి పెన్సిలు వెంట తెచ్చుకోండి. నాకు బొమ్మలు రావు అనొద్దు. వచ్చినా రాకపోయినా పెన్సిలు ఎందుకో తర్వాత చెబుతాను.

కారు దిగగానే గుడిలోకి నడవకండి. ముందు గుడికి ఎదురుగా ఉన్న సంజీవరాయస్వామి గుడికి పోండి. సంజీవరాయుడంటే ఆంజనేయుడే. ఊరి ఆచారం సరే, లోపల చూడబోయేదానికి ఇది మొదటి పాఠం కూడా. ఒంటిమిట్ట గర్భగుడిలో రాముడు, సీతమ్మ, లక్ష్మణుడు ఒకే రాతిలో మలిచి ఉంటారు. అందుకే దీన్ని ఏకశిలానగరం అంటారు. ఆ రాతిలో ఆంజనేయుడు లేడు. మన ఊళ్లలో ఏ రామాలయానికి పోయినా కాళ్ల దగ్గర చేతులు జోడించి హనుమంతుడు ఉండాల్సిందే కదా, ఇక్కడ ఉండడు. రాముడు ఆంజనేయుణ్ణి కలవకముందు, అరణ్యవాసంలో ఈ చుట్టుపక్కల తిరిగినప్పటి రూపం ఇదని స్థలపురాణం చెబుతుంది. ఈ మూర్తుల్ని జాంబవంతుడు ప్రతిష్ఠించాడని అంటారు. సీతమ్మకు దాహమైతే రాముడు బాణం వేసి నీళ్లు తెప్పించాడని రామతీర్థం, లక్ష్మణతీర్థం చూపిస్తారు.

మా కూతురి కూతురు మొదటిసారి వచ్చినప్పుడు గర్భగుడి ముందు నిలబడి గట్టిగా అడిగింది, "తాతా, ఆంజనేయస్వామి ఏడీ?" అని. క్యూలో ఉన్నవాళ్లంతా దానివైపు చూశారు. "బయట చూసొచ్చాం కదమ్మీ, ఆయనింకా రాముణ్ణి కలవలేదు" అన్నాను. అది వెంటనే "మరి ఎప్పుడు కలుస్తాడు?" అంది. పక్కనున్న ఒక పెద్దావిడ నవ్వి, "అది కిష్కింధలో లేమ్మా" అంది. పిల్లలతో వస్తే ఈ లేని బొమ్మను వెతకమని ముందే చెప్పండి. గుడిలో ఏముందో వెతకడం కంటే ఏది లేదో వెతికేటప్పుడు పిల్లలు బాగా చూస్తారు.

ఇక గోపురం. తూర్పున ఉన్న పెద్ద గోపురం అయిదంతస్తులది. ఉత్తరానా దక్షిణానా ఇంకో రెండు గోపురాలున్నాయి. గుడి మిట్ట మీద ఉంది కాబట్టి మెట్లెక్కి పోవాలి. మెట్ల కింద, కాస్త దూరంగా నిలబడి గోపురాన్ని కిందినుంచి పైకి నెమ్మదిగా చూడండి. మన గోపురాల్లో కింది భాగం రాయి, పై అంతస్తులు ఇటుక, సున్నం. ఎందుకంటే అంత ఎత్తుకు రాయి పేరుస్తూ పోతే బరువు ఆగదు. ద్వారం మీద అంత గోపురం నిలబడాలంటే పైకి పోయేకొద్దీ తేలిక కావాలి, సన్నబడాలి. అలా చూస్తే ఇది ఇంజనీరింగ్ అని అర్థమవుతుంది. ఇటుక, సున్నం పని వానకూ ఎండకూ పాడవుతుంది, ప్రతి తరమూ మళ్లీ మరమ్మతు చేస్తూనే ఉంటుంది. కింది రాతిపని మాత్రం కట్టిన నాటిదే. అందుకే పాత పనితనం చూడాలనుకునేవాళ్లు తల ఎత్తి పైన రంగులు చూస్తూ నిలబడకుండా, కంటి ఎత్తులో ఉన్న రాయిని చూడాలి.

1652లో టావెర్నియర్ అనే ఫ్రెంచి వజ్రాల వ్యాపారి గండికోటలో మీర్ జుమ్లాను కలవడానికి వచ్చినప్పుడు ఈ దారిన పోతూ ఈ గుడిని చూసి, దేశంలోని గొప్ప గోపురాల్లో ఇదొకటని మెచ్చుకున్నాడు. ఎన్నో దేశాలు తిరిగిన మనిషి ఆయన. మన జిల్లావాళ్లం దీన్ని అంత దీక్షగా చూడకపోతే ఎట్లా?

గోపుర ద్వారంలోకి అడుగు పెట్టాక నలుగురూ తోసుకుంటూ ముందుకు పోతుంటారు. మీరు ఒక పక్కకు జరిగి నిలబడండి. గోపురం లోపలి దారి చల్లగా ఉంటుంది, కళ్లు ఆ మసక వెలుతురుకు అలవాటు పడనివ్వండి. తర్వాత రెండువైపులా గోడల అడుగుభాగం చూడండి. ఒకదానిమీద ఒకటి పేర్చిన పట్టీల్లాంటి అంచులు కనిపిస్తాయి. అన్నిటికంటే కింద ఉన్నది ఉపానం, దానిమీద తామరరేకులతో పద్మం, లావుగా గుండ్రంగానో పలకలుగానో ఉండేది కుముదం, లోపలికి నొక్కినట్టుండేది కంఠం, ఆ పైన పట్టిక. ఈ అయిదు పేర్లు నేర్చుకుంటే మీరు దక్షిణదేశంలో ఏ రాతిగుడికి పోయినా అడుగుభాగం చదవగలుగుతారు. పిల్లలకు నేను ఈ వరుసను కాగితం మీద పక్కనుంచి ఒకే గీతలో గీయించేవాణ్ని. లోపలికి, బయటికి, గుండ్రంగా, మళ్లీ లోపలికి. ఆ ఒక్క గీత సరిగ్గా పడితే వాళ్లకు గుడి అడుగు అర్థమైనట్టే.

దర్శనం ముందే చేసుకోండి. మనసులో దర్శనం కాలేదన్న టెన్షన్ ఉంటే స్తంభాల ముందు నిలబడలేరు. గర్భగుడి ముందు దొరికేది కొద్ది క్షణాలే కాబట్టి ఏం చూడాలో ముందే అనుకుని పోండి. పూలు, వస్త్రాలు, నగలు మూర్తుల్ని చాలావరకు కప్పేస్తాయి. ముఖాలు చూసుకున్నాక, ముగ్గురూ ఒకే రాయి అన్న సంగతి గుర్తుంచుకుని చూడండి. హారతి వెలుగులో బాగా కనిపిస్తుంది. అక్కడ ఫోన్ బయటికి తీయొద్దు. గర్భగుడిని ఫొటో తీయనివ్వరు, అది సరైన పద్ధతే.

ఇప్పుడు వెనక్కొచ్చి రంగమంటపంలో కూర్చోండి. దీని కోసమే మిమ్మల్ని ఇంత దూరం రమ్మన్నాను. 32 స్తంభాల మంటపం ఇది. విజయనగర కాలం పని, మన జిల్లాలో ఈ తరహా పనితనానికి ఇంతకంటే మంచి చోటు నాకు తెలియదు. అందరూ చేసే పని ఏమిటంటే, మంటపం మొత్తాన్నీ ఒక చుట్టు చుట్టి, "అబ్బ, ఎంత బాగా చెక్కారో" అని, సెల్ఫీ తీసుకుని పోతారు. అలా కాకుండా ఒక్క స్తంభం ఎంచుకోండి. ఒకటే. దాని ముందు అరగంట కూర్చోండి.

స్తంభాన్ని ఎట్లా చూడాలో చెబుతాను. విజయనగర స్తంభం చాలాసార్లు ఒకే కడ్డీలా ఉండదు. ఒక పెద్ద నిలువు రాయి, దాని ముందుకు పొడుచుకొచ్చిన బొమ్మో, చిన్న స్తంభమో, అన్నీ ఒకే బండలోంచి తీసినవే. మామూలు స్తంభమైతే చదరపు దిమ్మె, దానిపైన ఎనిమిదో పదహారో పలకలుగా చెక్కిన నడుము, మళ్లీ చదరపు దిమ్మె, ఇట్లా పైకి పోతుంది. కథలు చెక్కేది ఆ చదరపు దిమ్మెల ముఖాల మీద. ఒక్కో దిమ్మెకు నాలుగు ముఖాలు కాబట్టి, స్తంభం చుట్టూ తిరక్కపోతే మీరు చూసేది పావు వంతే. పైన కప్పు దూలాన్ని మోసే చోట నాలుగువైపులా చేతుల్లా చాచినవి బోదెలు. వాటి చివర తలకిందులుగా వేలాడే తామరమొగ్గ ఉందేమో చూడండి. విజయనగర శిల్పులకు ఆ మొగ్గంటే ప్రాణం.

మంటపం నడుమ భాగంలో ఉన్న స్తంభాలకు యాళులున్నాయి. ముందుకాళ్లు పైకెత్తి లేచిన, సింహంలాంటి ఒళ్లున్న జంతువు. అడవిలో ఇలాంటి జంతువు లేదు, శిల్పి ఊహలో పుట్టింది. దాని మెడ జూలును చూడండి, ఉంగరాలు ఉంగరాలుగా ఎంత క్రమంగా చుట్టాడో. తర్వాత దాని పొట్ట కింద, కాళ్ల సందున చూడండి. రాయికీ జంతువుకూ మధ్య ఖాళీ కనిపిస్తుంది. అంత గట్టి రాతిలో, పైన కప్పు బరువు మోయాల్సిన స్తంభంలో, ఉలి అంత లోపలికి పోనిచ్చి, కాలు విరగకుండా తీయడం ఎంత కష్టమో మట్టిబొమ్మ చేసినవాళ్లకు కూడా తెలుస్తుంది. రాతిపనిలో పోయిన ముక్కను మళ్లీ అతికించలేం. మా స్కూలు పిల్లలకు రబ్బరు ఇవ్వకుండా గీయమనేవాణ్ని, ఎందుకంటే శిల్పికి రబ్బరు లేదు.

దక్షిణం వైపు స్తంభాల మీద కృష్ణుడు, విష్ణువు ఉన్నారు. అక్కడ గోవర్ధనగిరి ఎత్తిన కృష్ణుణ్ణి వెతకండి. ఒక చేయి పైకెత్తి కొండను పట్టాడు. అంత బరువు ఎత్తినవాడి ఒంట్లో బిగువు ఉండాలి కదా? లేదు. పక్కన ఆవులు నిలబడి ఉన్నాయి. కొండంత బరువును రాతిలో చూపించాలంటే మామూలు చెయ్యి కండలు చెక్కుతుంది. ఈ శిల్పి ఏ కష్టమూ పడనట్టు నిలబడ్డ పిల్లవాణ్ణి చెక్కి, చూసేవాడికి దేవుడని తెలిసేలా చేశాడు. ఆ స్తంభం చెక్కిన శిల్పి తన పేరు చెప్పలేదు. రాజుల పేర్లు శాసనాల్లో ఉన్నాయి, ఈ చేతి పేరు ఎక్కడా లేదు. నాకు మాత్రం ఒంటిమిట్ట అంటే ముందు గుర్తొచ్చేది ఈయనే.

ఇంకో స్తంభం మీద రామలక్ష్మణులున్నారు, చేత విల్లు. రాముడికి కిరీటం, జంధ్యం స్పష్టంగా కనిపిస్తాయి. రాముడు తిన్నగా నిలబడ్డాడు, లక్ష్మణుడు మాత్రం ఒళ్లు మూడుచోట్ల వంచి త్రిభంగిలో ఉన్నాడు. మెడ దగ్గర ఒక వంపు, నడుము దగ్గర ఒకటి, మోకాలి దగ్గర ఒకటి. ఇదే వంపు కృష్ణుడి బొమ్మలోనూ ఉంది, ఒక కాలు నేలకు ఆనించి, రెండోది దాని మీదుగా అడ్డంగా వేసి. ఇప్పుడు పెన్సిలు తీయండి. ముఖం, నగలు, ఏమీ వద్దు. లక్ష్మణుడి తల నుంచి నేలను తాకే పాదం దాకా ఒక్క వంపు గీత గీయండి. తర్వాత రాముడి బొమ్మకు గీయండి. రెండు గీతలూ పక్కపక్కన పెడితే, అన్నెవరో తమ్ముడెవరో పేరు చెప్పకుండానే తెలిసిపోతుంది. ఫోన్‌తో తీసిన ఫొటో ఈ తేడా చూపదు. చేత్తో గీస్తేనే కన్ను ఆగి చూస్తుంది. పెన్సిలు తెమ్మన్నది ఇందుకే.

చీకటి మూలల్లో బొమ్మలు కనిపించకపోతే ఫోన్ టార్చి వేయొచ్చు, కానీ అక్కడున్న సిబ్బందిని ఒకమాట అడిగి వేయండి. ఎదురుగా వేయకండి. టార్చిని స్తంభానికి ఆనుకున్నంత దగ్గరగా, పక్కనుంచి వేయండి. నీడలు లేచి, అరిగిపోయిన ముక్కు, చెరిగిపోయిన నగ కూడా బయటపడతాయి. శాసనం చదవాలన్నా ఇదే చిట్కా.

శాసనాల మాటెత్తాను కాబట్టి అది కూడా చెప్పేస్తాను. 16వ శతాబ్దం నడుమ, సదాశివరాయల కాలంలో ఈ గుడికి ఊళ్లు దానం చేసినట్టు శాసనాలున్నాయి. పాత తెలుగు లిపి చూడగానే భయపడొద్దు. మీ పని మొత్తం చదవడం కాదు. ముందు పైన సూర్యుడు, చంద్రుడు చెక్కి ఉన్నారేమో చూడండి. ఆ దానం సూర్యచంద్రులున్నంత కాలం చెల్లాలని అర్థం. తర్వాత "శకవర్ష" అన్న మాట కోసం వెతకండి. దాని తర్వాత వచ్చే అంకెకు 78 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. శకవర్షం 1477 అని ఉంటే 1555 అన్నమాట. చివర్లో, ఈ దానాన్ని చెడగొట్టినవాడికి గంగ ఒడ్డున గోవును చంపిన పాపం తగులుతుందన్న తరహా శాపం ఉంటుంది. మన ప్రాంతంలో ఏ దానశాసనం తీసుకున్నా దాదాపు ఇదే వరస. ఈ మూడూ పట్టుకుంటే చాలు, రాయి మీకు ఏ కాలానిదో, దేనికోసమో చెప్పేస్తుంది.

దయచేసి అక్షరాల మీద సుద్దముక్క రుద్దకండి, పసుపు పూయకండి. ఒక ఊరి పాతగుడిలో, పేరు వద్దులెండి, స్తంభాలకు ఏటా సున్నం కొట్టీ కొట్టీ, నర్తకి వేళ్లన్నీ కలిసిపోయి చెయ్యి ముద్దలా మారిపోయింది. ఆ బొమ్మను సున్నం తక్కువగా ఉన్నప్పుడు నేనే గీసుకున్నాను, ఇప్పుడు గీయడానికి అక్కడేమీ మిగల్లేదు. భక్తితో చేసే పనే రాయికి శత్రువవుతుంది. స్తంభాలకు ఆనించి కర్పూరం వెలిగించడం, బొమ్మల నోట్లో కుంకుమ పెట్టడం, నూనె చేతులు తుడవడం ఏవీ చేయకండి. పక్కవాళ్లు చేస్తుంటే కోపంగా కాకుండా మెల్లగా చెప్పండి, వింటారు. ఒంటిమిట్ట గుడి పురావస్తు శాఖ రక్షణలో ఉన్నది. అయినా రోజూ వచ్చేవాళ్ల చేతుల్ని ఏ శాఖ కాపలా కాయగలదు?

ఈ గుడిలో నన్ను కట్టిపడేసేది ఇంకొకటుంది. ఇది ఒక్కరు కట్టిన గుడి కాదు, ఒక్క కాలానిదీ కాదు. కంపరాయలు అనే పాలకుడు ఈ అడవిలో పోతుంటే ఒంటడు, మిట్టడు అనే ఇద్దరు దాహం తీర్చారనీ, ఏం కావాలో కోరుకొమ్మంటే తమకేమీ అడగకుండా రాముడికి గుడి కట్టించమన్నారనీ చెప్పుకుంటారు. అడిగింది అడవిలో బతికే ఇద్దరు మనుషులు. తర్వాత విజయనగర కాలంలో గోపురాలు, మంటపాలు లేచాయి. ఆ తర్వాత ఇమాం బేగ్ వచ్చాడు.

ఇమాం బేగ్ బావి చూడకుండా వెనక్కి రావొద్దు. 1640లో ఆయన ఇక్కడికొచ్చి, మీ దేవుడు పిలిస్తే పలుకుతాడా అని భక్తుల్ని అడిగాడట. మనసారా పిలిస్తే పలుకుతాడన్నారు వాళ్లు. ఆయన మూడుసార్లు పిలిచాడు, లోపలినుంచి ఓ అని జవాబొచ్చింది. ఆ విశ్వాసంతో స్వామి సేవకు నీళ్ల కోసం బావి తవ్వించాడు. ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. కథను ఎవరెట్లా నమ్మినా, బావి ఉంది, పేరు ఉంది. కడపలో దేవుని కడప వెంకటేశ్వరస్వామి గుడికి ఉగాది రోజు ముస్లింలు వచ్చి దర్శనం చేసుకోవడం చూసి పెరిగినవాళ్లం మేము. మా ఊరు ఇట్లాంటిదని బయటివాళ్లకు చెప్పాల్సి వచ్చినప్పుడు నేను ఎక్కువ మాట్లాడను, ఈ బావి దగ్గరికి తీసుకొస్తాను.

మన కాలానికి దగ్గరగా వస్తే వావిలికొలను సుబ్బారావు గారు. 1863లో జమ్మలమడుగులో పుట్టారు. వాల్మీకి రామాయణాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చి ఆంధ్ర వాల్మీకి అనిపించుకున్నారు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో పండితుడిగా ఉన్న మనిషి, వాసుదాసుగా మారి, శిథిలమైన ఈ గుడి కోసం టెంకాయ చిప్ప పట్టుకుని ఊరూరా బిచ్చమెత్తారు. వచ్చిన డబ్బుతో గుడిని బాగుచేయించారు, స్వామికి నగలు చేయించారు. ఆ చిప్ప మీద ఒక శతకమే రాశారు. 1936లో కాలం చేశారు. ఇవాళ మనం తల పైకెత్తి చూస్తున్న గుడి ఆయన చేయి చాపకపోతే ఏ స్థితిలో ఉండేదో ఆలోచించండి. గుడి వారసత్వం అనగానే అందరూ రాజుల పేర్లు వల్లె వేస్తారు. నేను పిల్లలకు ముందు ఈ పేరు చెప్పేవాణ్ని.

పోతన సంగతి కూడా అడుగుతారు. తనచేత పలికించేది రామభద్రుడేనని చెప్పి భాగవతం రాసిన మహానుభావుడు ఈ రాముడికే దాన్ని అంకితమిచ్చాడని ఇక్కడివాళ్ల నమ్మకం. ఓరుగల్లును కూడా ఏకశిలానగరం అంటారు కాబట్టి అక్కడివాళ్లు తమ పోతన అంటారు. దాని మీద వాదన పెట్టుకునే చోటు గుడి కాదు. వచ్చినవాళ్లు గుర్తున్న ఒక పద్యం ఆ మంటపంలో మెల్లగా చదువుకుంటే చాలు.

రాష్ట్రం విడిపోయాక 2015 నుంచి ప్రభుత్వం తరఫున శ్రీరామనవమి ఉత్సవాలు ఇక్కడ జరుగుతున్నాయి, అదే ఏడాది గుడి టీటీడీ చేతుల్లోకి వచ్చింది. సీతారాముల కల్యాణం అన్నిచోట్లా నవమి నాడు పట్టపగలు జరిగితే, ఇక్కడ చైత్ర శుద్ధ చతుర్దశి రాత్రి, పండు వెన్నెల్లో జరుగుతుంది. పగలు జరిగే పెళ్లిని చూసే భాగ్యం తనకు లేదని చంద్రుడు బాధపడితే, స్వామి ఇచ్చిన మాట ఇదని కథ. కల్యాణానికి తప్పకుండా రండి, జీవితంలో ఒక్కసారైనా చూడాలి. కానీ ఆ రోజుల్లో స్తంభాలు చూస్తానని రావొద్దు. జనం వేలల్లో ఉంటారు, బండ్లు దూరంగా ఆపేస్తారు, కల్యాణం కూడా గుడి బయట పెద్ద వేదిక మీద జరుగుతుంది. శనివారాలు, ఆదివారాలు, పెళ్లిళ్ల ముహూర్తాలు కూడా తప్పించుకోండి. మామూలు మంగళ, బుధవారాల్లో పొద్దున్నే వస్తే రంగమంటపంలో మీరూ ఇంకో నలుగురూ ఉంటారు.

బయటికొచ్చాక ఆకలేస్తే రోడ్డు పక్క హోటళ్లలో దోసెలు, ఉగ్గాని దొరుకుతాయి. కారం దోసె అడిగితే కొంచెం కారం తగ్గించమని చెప్పడం మర్చిపోకండి, కోస్తావాళ్లు కూడా ఇక్కడ నీళ్లు తాగుతారు.

ఇంకా ఓపిక ఉంటే అక్కడితో ఆపొద్దు. సొంత బండి ఉన్నవాళ్లు పెన్న ఒడ్డున సిద్ధవటం కోట చూసుకుని కడప చేరొచ్చు. నన్నడిగితే రాజంపేట దారిలోనే ఇంకొంచెం ముందుకు పోయి నందలూరు సౌమ్యనాథస్వామి గుడి చూడండి. అది చోళుల నాటి గుడి, 108 స్తంభాలున్నది. మధ్యాహ్నం తలుపులు మూసి ఉంటాయి కాబట్టి మాపటేల చేరేట్టు చూసుకోండి. పొద్దున ఒంటిమిట్టలో గీసుకున్న కాగితం తీసి, అదే పద్ధతిలో నందలూరులో ఒక స్తంభం గీయండి. అడుగున పట్టీలు అయిదూ ఉన్నాయా? యాళి ఉందా? బోదెల చివర మొగ్గ వేలాడుతోందా, లేక కోసేసినట్టు నున్నగా ఉందా? రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టుకుని బస్సులో చూసుకోండి. కడపకు పోయేటప్పటికి విజయనగరం పనేదో అంతకుముందు పనేదో మీకే తెలుస్తుంది. అక్కడినుంచి తిరుగు బస్సు ఎన్నింటికో మాత్రం నందలూరులో దిగగానే అడిగి పెట్టుకోండి.